చేతి గడియారమూ, గుండెపోటూ

మన యిండ్లలో యెవరైనా రొమ్ము నొప్పి అన్నారంటే మొదట వినవచ్చే మాట "వాయువు" అని. రెండవ మాట "జీలకర్ర కషాయం పెట్టండి" అని. ఈ రెండు మాటలూ మన పెద్దలు ఆంధ్రదేశం విడిచి వచ్చిన నాడు మూటలో కట్టుకొని తెచ్చినవే కాబోలు. హోసూరులోనైనా, షోలాపురంలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా అవే వినబడతాయి. ఇటీవల వీటికి మూడవ మాట వొకటి తోడైనది. "గడియారంలో చూడండి" అని.

ఈ మూడవ మాట గురించి నాలుగు సంగతులు మనవి చేయటానికే ఈ వ్యాసం. మేము వైద్యులము కాము, గుమాస్తాలము. చదివినది మెట్రిక్యులేషను. అయినా ఈ విషయంలో మేము చేసిన పొరపాటు మరొక యింట జరుగరాదన్న తలంపుతో, తెలిసిన డాక్టర్లను అడిగీ, దొరికిన పుస్తకాలు చదివీ తెలుసుకొన్నది పాఠకుల ముందుంచుతున్నాము.

మా యింట జరిగినది

గడచిన కార్తీకమాసంలో సంగతి. మా బావగారికి యాభై యెనిమిదేండ్లు. మిల్లు వుద్యోగం మాని యింటిపట్టున వున్నారు. మా మేనల్లుడు బెంగళూరులో పని చేస్తున్నాడు. తండ్రి పుట్టినరోజుకు ఖరీదైన చేతి గడియారం వొకటి తెచ్చి పెట్టాడు. అది వేళ చెప్పటమే కాదు, నడిచిన అడుగులు లెక్కిస్తుంది, నాడి చూస్తుంది, దాని అంచు మీద వేలు ఆనిస్తే అర నిమిషంలో గుండె గీత గీసి చూపుతుంది. ఆ గడియారం కంపెనీ పేరు యిక్కడ చెప్పము. తప్పు దానిది కాదు గనుక.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు బావగారు లేచి కూర్చున్నారు. రొమ్ము మధ్య బండ పెట్టినట్లున్నదన్నారు. ఎడమ దవడ లాగుతున్నదన్నారు. వొళ్లంతా చెమట. మా అక్కయ్య భయపడి మాకు కబురు చేసింది. రెండు వీధుల అవతలే మా యిల్లు గనుక అయిదు గంటలకల్లా వెళ్లాము.

"ఇదుగో, గడియారంలో గీత తీశాను. ఏదో ఇంగ్లీషులో రాసింది. నీవు చదువుకున్నవాడివి, చూసి చెప్పు" అన్నారు బావగారు.

చూశాము. "సైనస్ రిదమ్" అని వున్నది. నాడి నిమిషానికి 84. ఆ పేరుకు అర్థం గుండె తన సహజమైన తాళంలో కొట్టుకుంటున్నదని మాకు లోగడే తెలుసు. "అంతా సరిగానే వున్నది బావా, వాయువే అయివుంటుంది" అన్నాము. ఆ మాటతో ఆయనకూ ధైర్యం వచ్చింది. మా అక్కయ్య కషాయం కాచింది. సోడా తెప్పించాము. నొప్పి తగ్గినట్లే వుండి మళ్లీ వచ్చింది. మళ్లీ గడియారం చూశాము. మళ్లీ అదే మాట. ఇట్లా చూసుకుంటూ తొమ్మిదిన్నర చేశాము.

చివరకు ఆయన ముఖం పాలిపోవటం చూసి ఆటోలో యెక్కించుకొని వొక నర్సింగు హోముకు తీసుకొనిపోయాము. అక్కడ రొమ్ము మీదా కాళ్లకూ చేతులకూ తీగలు పెట్టి కార్డియోగ్రాం తీశారు. కాగితం బయటికి రాగానే డాక్టరుగారు "ఎంతసేపటినుంచి?" అని అడిగారు. "తెల్లవారి నాలుగున్నర నుంచి" అన్నాము. ఆయన గోడ గడియారం వైపు చూసి వూరకున్నారు. ఆ చూపు మాకు యిప్పటికీ మరపు రాదు.

రక్తపు గడ్డను కరిగించే సూది వేసి, అదే పూట బెంగళూరు పంపించారు. అక్కడ మూసుకున్న నాళం తెరిచి స్టెంటు పెట్టారు. ప్రాణం దక్కింది. కాని నెల తర్వాత పరీక్ష చేసి, గుండె రక్తాన్ని నెట్టే శక్తి 55 దాటి వుండవలసినది 35 వద్ద వున్నదని చెప్పారు. మెట్లెక్కితే ఆయాసం. మునుపు ప్రతి శనివారం చంద్రచూడేశ్వరుని కొండ కాలినడకన యెక్కే మనిషి, యిప్పుడు కింద నిలిచి దండం పెట్టుకుంటున్నారు.

మేము తర్వాత ఆ గడియారం తీసి మళ్లీ చూశాము. గీత కిందనే సన్నని అక్షరాలతో, ఈ పరికరం గుండెపోటు గుర్తులను కనిపెట్టజాలదనీ, వొంట్లో బాగుండనిచో వెంటనే వైద్యసహాయం పొందవలెననీ స్పష్టంగా రాసి వున్నది. ఆఫీసులో యే కాగితమైనా అడుగునున్న సన్నని అక్షరాలు చదువకుండా పైకి పంపనివారము మేము. సొంత బావగారి విషయంలో పైమాట వొక్కటే చదివి సంతకం పెట్టినట్లు చేశాము.

తాళం వేరు, తిండి వేరు

అయితే ఆ గడియారం అబద్ధం చెప్పిందా? లేదు. గుండె సరైన తాళంలోనే కొట్టుకుంటున్నది. అడిగినది తాళం గురించి. జరుగుతున్న ఆపద వేరు. ఈ భేదం తెలిస్తే సగం విషయం తెలిసినట్లే.

గుండె వొక కండ. పిడికిలంత వుంటుంది. ఒళ్లంతటికీ రక్తం నెట్టే ఆ కండకు కూడా తన తిండి తనకు కావలె. ఆ తిండిని తెచ్చే సన్నని నాళాలు గుండె మీదనే పాకి వుంటాయి. వాటి లోపలి గోడలో ఏండ్ల తరబడి కొవ్వు పేరుకొని, వొకనాడు ఆ పూత పగిలితే, పగిలిన చోట రక్తం గడ్డ కడుతుంది. నాళం మూసుకుంటుంది. ఆ నాళం కింద వున్న కండకు రక్తం అందక క్రమంగా చచ్చిపోతుంది. ఇదే గుండెపోటు.

గుండెకు తాళం వేసేది వేరొక యేర్పాటు. గుండె కుడి పై గదిలో వొక చిన్న కణుపు వున్నది. దానిని సైనస్ కణుపు అంటారు. అది విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు గుండె అంతటా పాకినప్పుడు కండ ముడుచుకుంటుంది. ఈ యేర్పాటు చెడితే తాళం తప్పుతుంది. మృదంగం వాయించే విద్వాంసునికి చేతిలో రక్తం ఆగిపోయినా, కొంతసేపు తాళం తప్పకుండానే వాయించగలడు. వినేవారికి లోటు తెలియదు. గుండెపోటులోనూ అనేకసార్లు జరిగేది అదే.

మూడవది ఇంకొకటి వున్నది. గుండె వొక్కసారిగా ఆగిపోవటం. మనిషి మాట లేకుండా పడిపోతాడు, శ్వాస వుండదు. గుండెపోటు దీనికి దారి తీయవచ్చును గాని రెండూ వొకటి కావు. పత్రికలలో మూడింటినీ వొకటే పేరుతో రాయటం వల్ల మనకు యీ గందరగోళం వచ్చింది.

గుండె గీత పుట్టిన కథ

గుండె విద్యుత్తును గీతగా గీయవచ్చునని మొదట మనిషి వొంటి మీద చూపినవాడు ఆగస్టస్ వాలర్. 1887లో లండనులో చూపాడు. ఆయన తన పెంపుడు కుక్క జిమ్మీ కాళ్లను వుప్పునీటి పాత్రలలో నిలిపి 1909లో పండితుల యెదుట గీత తీసి చూపాడు. అది జంతుహింస కాదా అని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న కూడా వేశారు. కుక్కకు నొప్పి లేదు, నీళ్లలో నిలబడటమే అని జవాబు వచ్చింది.

ఆ గీతను వైద్యానికి పనికివచ్చేటట్లు చేసినవాడు హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విల్లెమ్ ఐంథోవెన్. ఆయన పుట్టినది 1860లో జావా దీవిలోని సెమరాంగులో. ఆయన యంత్రం సుమారు 270 కిలోల బరువు. దానిని నడపటానికి అయిదుగురు కావలె. రోగి రెండు చేతులూ వొక కాలూ వుప్పునీటి తొట్లలో పెట్టుకొని కూర్చోవలె. ఇంత బరువును ఆసుపత్రికి మోయలేక ఆయన 1905లో వొక వుపాయం చేశాడు. ఒకటిన్నర కిలోమీటరు దూరాన వున్న ఆసుపత్రి నుండి టెలిఫోను తీగ మీదుగా రోగి గుండె గీతను తన ప్రయోగశాలకు రప్పించాడు. నేడు మన గ్రామాలనుండి గుండె గీతలు పట్టణాలకు పోతున్నవంటే దానికి మూలపురుషుడు ఆయనే. గీతలోని అలలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టినదీ ఆయనే. 1924లో నోబెల్ బహుమానం ఆయనకు వచ్చింది.

నాళంలో గడ్డ కట్టినంత మాత్రాన మనిషి అక్కడికక్కడే చావనక్కరలేదనీ, బ్రతికి బయటపడవచ్చుననీ 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వివరించాడు. అట్టి రోగి గీతలో ఎస్, టి అలల నడుమ వుండే భాగం పైకి లేస్తుందని 1920లో న్యూయార్కు వైద్యుడు హెరాల్డ్ పార్డీ కనిపెట్టాడు. ఈ నాటికీ డాక్టర్లు కాగితం చేత పట్టగానే వెదకేది ఆ లేచిన భాగాన్నే.

ఇక గుండె గీత యంత్రాన్ని మనిషి వీపు మీదికి యెక్కించినవాడు అమెరికాలో మోంటానా రాష్ట్రపు నార్మన్ హోల్టర్. 1940ల చివరలో ఆయన తయారు చేసిన మొదటి యంత్రం సుమారు 38 కిలోలు. దానిని తానే వీపున కట్టుకొని, నిలబెట్టిన సైకిలు తొక్కుతూ తన గీతను రేడియో ద్వారా పంపాడు. క్రమంగా బరువు తగ్గింది. 1961లో ఆయన తన పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించాడు. ఒక రోజంతా నడుముకు కట్టుకొని తిరిగే చిన్న పెట్టెను నేటికీ ఆసుపత్రులలో హోల్టరు అనే పిలుస్తున్నారు. 270 కిలోలు 38 అయినవి. 38 కిలోలు యిప్పుడు మణికట్టు మీద కొన్ని గ్రాములైనవి.

పన్నెండు కిటికీల యిల్లు

మరి కొన్ని గ్రాముల గడియారం చేయలేనిది ఆసుపత్రిలోని యంత్రం యెట్లు చేస్తున్నది? మేము డాక్టరుగారిని అడిగిన ప్రశ్న యిదే. ఆయన చెప్పిన సమాధానం సులువైనది.

గుండెను పన్నెండు కిటికీలున్న యిల్లు అనుకోండి. ఆసుపత్రి యంత్రానికి పది తీగలు. ఆరు రొమ్ము మీద, నాలుగు కాళ్లూ చేతులకు. ఈ పది తీగలతో యంత్రం పన్నెండు దిక్కులనుండి గుండెను చూస్తుంది. ఇంటిలో ముందు గోడ అంటుకుంటే ముందు కిటికీలో పొగ కనబడుతుంది. కింది గోడ అంటుకుంటే వేరే కిటికీలలో కనబడుతుంది. చేతి గడియారం వొక్క కిటికీలోనుండి మాత్రమే చూస్తుంది. ఎడమ మణికట్టుకూ కుడి వేలికీ మధ్య వుండే ఆ కిటికీని మొదటి లీడు అంటారు. ఇంటివారు నడుస్తున్నారా, సరైన వరుసలో అడుగులు వేస్తున్నారా అన్నది ఆ వొక్క కిటికీలోనుండీ తెలుస్తుంది. అదే తాళం. కాని ముందు గదిలో మంట పుట్టినదా అన్నది తెలియకపోవచ్చును. మా బావగారికి దెబ్బ తగిలినది గుండె ముందు గోడకు. రొమ్ము మీది తీగలలోనే అది కనబడింది.

ఇంకొక మాట కూడా ఆయన చెప్పారు. పన్నెండు కిటికీలూ తెరిచి చూచినా వొక్కొక్కప్పుడు మొదటి కాగితంలో యేమీ కనబడదు. కొన్ని గుండెపోట్లలో ఆ భాగం పైకి లేవనే లేవదు. అందుకే నొప్పితో వచ్చినవారికి కొంతసేపు ఆగి మళ్లీ మళ్లీ గీత తీస్తారు. రక్తంలో ట్రోపోనిన్ అనే పదార్థం వున్నదేమో చూస్తారు. గుండె కండ దెబ్బ తిన్నప్పుడు ఆ పదార్థం రక్తంలోకి వస్తుంది, అదీ కొన్ని గంటలకు గాని బాగా పెరగదు. ఆసుపత్రివారే వొక్క కాగితం చూసి "ఏమీ లేదు" అనరు. అట్టిది మేము మణికట్టు చూసి అన్నాము!

గడియారం చేసే మేలు

ఇంత చెప్పినంత మాత్రాన ఆ గడియారాలు పనికిరానివని పాఠకులు అనుకోరాదు. వాటి పని వాటికున్నది. ఆ పని తాళం కనిపెట్టడం.

గుండె పై గదులు తాళం తప్పి గజగజ వణకే జబ్బు వొకటి వున్నది. దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అందులో గుండె గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు వచ్చి పోతూ వుంటుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి వుండదు. ఇంటిలో వున్నప్పుడు పట్టుకోవటానికి జేబులో పట్టే యంత్రాలు, గడియారాలు యెంతో అనుకూలం. అమెరికాలో టెలిఫోనుకు తగిలించే అలైవ్‌కోర్ యంత్రానికి 2012లోనూ, ఆపిల్ గడియారపు గీతకు 2018లోనూ అక్కడి ప్రభుత్వ సంస్థ అనుమతి యిచ్చింది. రెండవది గుండెపోటును వెదకదని ఆ కంపెనీవారే తమ గడియారంలో చెబుతున్నారు.

2019లో వెలువడిన వొక పెద్ద పరిశీలనలో 4,19,297 మంది పాల్గొన్నారు. వారిలో నాడి తాళం తప్పినదని గడియారం హెచ్చరించినది 2,161 మందిని, అనగా నూటికి సగం కంటె కాస్త యెక్కువ. తర్వాత రొమ్ముకు అంటించే పట్టీ పెట్టుకొని తిరిగి పంపినవారు 450 మంది. వారిలో నూటికి 34 మందికి ఆ వణుకు జబ్బు కనబడింది. చెడ్డ ఫలితం కాదు.

మా సంఘంలో వొక పిన్నమ్మగారికి రెండేండ్లుగా గుండె దడ. ఎప్పుడు ఆసుపత్రికి పోయినా గీత బాగానే వుండేది. "అంతా మనసులో భయం" అని యింటివారు కొట్టివేసేవారు. వారి మనుమరాలి గడియారం వొకనాడు దడ వచ్చిన సమయానికి గీత పట్టింది. దానిని డాక్టరుకు చూపితే వెంటనే మందు మొదలుపెట్టారు. ఆ పిన్నమ్మగారు యిప్పుడు సుఖంగా వున్నారు. కాబట్టి వొకే పనిముట్టు వొక యింట మేలు చేసింది, వొక యింట చేటు తెచ్చింది. భేదం పనిముట్టులో లేదు, దానిని అడిగిన ప్రశ్నలో వున్నది.

రాబోయే రోజులు

గుండెపోటును సైతం చిన్న యంత్రంతో పట్టుకోవాలని పండితులు కృషి చేస్తూనే వున్నారు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ వైద్యులు ఫోనుకు తగిలించే యంత్రానికి రెండు తీగలు చేర్చి, వాటిని వొంటి మీద చోటు మార్చి మార్చి పెట్టి పన్నెండు చూపులూ రాబట్టారు. రొమ్ము నొప్పితో వచ్చిన 204 మందికి ఆ గీతనూ ఆసుపత్రి గీతనూ తీసి పోల్చారు. రెండూ చాలావరకు సరిపోయినవని 2018లో ప్రకటించారు. 2020లో ఇటలీలోని కటాన్జారో పట్టణపు వైద్యులు 100 మందికి చేతి గడియారాన్నే రొమ్ము మీద చోటు చోటునా ఆనించి చూసి, గుండెపోటు గుర్తులు అందులోనూ దొరుకుతున్నవన్నారు. కాని అది వైద్యులు తీసి వైద్యులు చదివిన గీత. మనము అర్ధరాత్రి దడదడలాడుతూ తీసుకొనేది కాదు.

ఒకసారి గుండెపోటు వచ్చిన వారికి, రొమ్ము చర్మం కింద అమర్చే చిన్న యంత్రానికి కూడా 2018లో అమెరికాలో అనుమతి దొరికింది. గుండె లోపలి గీత మారగానే అది శరీరంలోనే కదిలి హెచ్చరిస్తుంది. మన దేశంలో ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంవారు చేతిలో పట్టే పన్నెండు చూపుల యంత్రాన్ని రూపొందించారు. అది గీతను ఫోను ద్వారా దూరానవున్న డాక్టరుకు పంపగలదు. మనకు కావలసినది యిటువంటిదే. యంత్రం చిన్నదైనా, చదివేవాడు వైద్యుడై వుండటం.

మన చుట్టుపట్ల జరుగుతున్నది

ఈ పద్ధతిని మన తమిళనాడులోనే పెద్ద యెత్తున నడిపి చూశారు. 2012 నుండి 2014 వరకు నాలుగు ప్రాంతాలలో 35 ఆసుపత్రులను వొక దారంలో గుచ్చినట్లు కలిపి, చిన్న ఆసుపత్రిలో తీసిన గీతను పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యునికి పంపేటట్లు యేర్పాటు చేశారు. 2,420 మంది రోగుల లెక్క తీసి 2017లో ప్రకటించారు. ఏడాదిలోగా చనిపోయినవారు మునుపు నూటికి 17.6 మంది; యేర్పాటు తర్వాత 14.2 మంది. కొత్త మందు కనిపెట్టలేదు. ఉన్న వైద్యాన్నే వేళకు అందజేశారు. దాని ఫలితం యింత. 2023 నుండి తమిళనాడు ప్రభుత్వం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గుండెపోటు రోగికి మొదటి మోతాదు మాత్రలు యిచ్చి పంపే పథకం కూడా పెట్టింది. "ఇదయం కాప్పోం" అని దాని పేరు.

కర్ణాటకలో సినీనటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న, 46వ యేట గుండె జబ్బుతో హఠాత్తుగా పోయిన సంగతి అందరికీ తెలుసు. ఆయన పేరున కర్ణాటక ప్రభుత్వం హృదయ జ్యోతి యోజన ప్రారంభించింది. తాలూకా ఆసుపత్రిలో గీత తీసి, బెంగళూరు జయదేవ సంస్థ మొదలైన పెద్ద ఆసుపత్రుల వైద్యులతో చదివించి, గడ్డ కరిగించే ఖరీదైన సూదిని వుచితంగా అక్కడే వేయటం అందులోని విశేషం. మంగళూరు గుండె వైద్యులు పద్మనాభ కామత్‌గారు దాతల సహాయంతో పల్లె ఆసుపత్రులకు గీత యంత్రాలు యిప్పించి, అక్కడి డాక్టర్లు వాట్సాపులో పంపే గీతలను చదివి సలహా యిచ్చే పద్ధతి నడుపుతున్నారు.

ఇక 108 అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ యిప్పుడు మన వారు స్థిరపడిన తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలన్నింటా అదే అంకెతో పలుకుతుంది. భాష మారినా అంకె మారదు. మా హోసూరులోనూ అది వున్నది. ఆ రోజు మాకు జ్ఞాపకం రాలేదు.

గుర్తుంచుకోవలసినవి

మేము డాక్టరుగారి వద్ద అడిగి రాసుకొన్నవి యివి. కత్తిరించి గోడ క్యాలెండరు పక్కన అంటించుకొనవలెనని మా కోరిక.

1. రొమ్ములో బరువు, బిగింపు, మంట, అది చేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లని చెమట, ఆయాసం, వాంతి. వీటిలో యేది వచ్చినా వాయువు అని నిర్ణయించే అధికారం మనకు లేదు. ఆడవారిలోనూ, మధుమేహం వున్నవారిలోనూ, ముసలివారిలోనూ నొప్పి లేకుండా వుత్త ఆయాసం, నీరసంగా కూడా రావచ్చును.

2. గడియారం "బాగున్నది" అన్నా ఆగరాదు. అది "బాగాలేదు" అంటే డాక్టరును చూడవలె. నొప్పి వున్నప్పుడు దాని మాటే వినరాదు.

3. వెంటనే 108కు ఫోను చేయవలె. రోగి తానే బండి నడుపుకొని పోరాదు, మెట్లు దిగి నడువరాదు.

4. గీత తీసే యంత్రమూ, గడ్డ కరిగించే సూదీ వున్న దగ్గరి ఆసుపత్రి యేదో నేడే తెలుసుకొనవలె. ఆసుపత్రికి చేరిన పది నిమిషాలలో గీత తీయవలెనని వైద్యుల నియమం. అడిగి తీయించుకొనండి.

5. గడ్డ కరిగించే సూది మొదటి గంటలలో యెంత త్వరగా పడితే అంత మేలు. పన్నెండు గంటలు దాటితే దాని వుపయోగం బహు స్వల్పం.

6. ఆస్పిరిన్ మాత్ర నమిలి మింగటం చాలామందికి మేలు చేస్తుంది గాని కడుపులో పుండు, రక్తస్రావం, ఆ మందు పడకపోవటం వున్నవారికి కీడు. మీ యింటి పెద్దలకు అది యివ్వవచ్చునా అన్నది ముందే మీ డాక్టరును అడిగి వుంచుకొనండి.

7. మనిషి పడిపోయి పిలిచినా పలుకక, శ్వాస లేకుంటే, 108కు చెప్పి, రొమ్ము మధ్య రెండు అరచేతులు పెట్టి నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా వొత్తుతూ వుండవలె. అంబులెన్సు వచ్చేదాకా ఆపరాదు.

8. దడ, తల తిరగడం వచ్చి పోతూ వుంటే గడియారం గీతను దాచి డాక్టరుకు చూపండి. అక్కడ అది మంచి సాక్షి.

చివరి మాట

మా బావగారు మమ్మల్ని వొక్క మాట అనలేదు. "నీవేం చేస్తావు, అందులో అట్లా రాసింది" అన్నారు. మా అక్కయ్య కూడా యేమీ అనలేదు. అన్నా బాగుండేది. మా మేనల్లుడు మాత్రం "మామా, నేనెందుకు కొనిచ్చానా ఆ గడియారం" అని వొకనాడు కన్నీరు పెట్టుకున్నాడు. వానికి చెప్పాము. కొనివ్వటం తప్పు కాదు నాయనా, దానిని డాక్టరనుకోవటం తప్పు. ఆ తప్పు మాది.

మన దూరదేశపు తెలుగు కుటుంబాలలో యింటికి వొకరు ఇంగ్లీషు చదివినవారు వుంటారు. బ్యాంకు కాగితమైనా, మందుసీసా మీది చీటీ అయినా, గడియారంలోని మాట అయినా పెద్దలు వారి చేతికే యిస్తారు. వారు "ఏమీ లేదు" అంటే నమ్ముతారు. ఆ నమ్మకం బరువైనది. అక్షరాలు చదువగలిగినంత మాత్రాన విషయం తెలిసినట్లు కాదని మేము యింత ఖరీదు పెట్టి నేర్చుకున్నాము. పాఠకులలో అటువంటివారు యెవరైనా వుంటే, తెల్లవారుజామున యెవరైనా గడియారం చాచి "చూసి చెప్పు" అన్నప్పుడు, చూడటం మాని ముందు 108కు ఫోను చేయవలసినదిగా మా మనవి.

బావగారు ఆ గడియారం యిప్పటికీ పెట్టుకుంటున్నారు. డాక్టరు చెప్పిన ప్రకారం ఉదయం అరగంట మెల్లగా నడుస్తారు. అడుగుల లెక్క అందులో చూసుకుంటారు. వారానికి వారం ఆ లెక్క కొంచెం కొంచెంగా పెరుగుతున్నది.